శంషాబాదులో తారుమారైన పెట్టె

సూర్యాపేటలో గాని, కోదాడలో గాని, మిర్యాలగూడలో గాని విమానం దిగే చోటు లేదు. అయినా ఈ మూడు ఊళ్ళలో ఏ వీధికి వెళ్ళినా అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో, గల్ఫ్ దేశాల్లోనో పిల్లలున్న ఇల్లు ఒకటైనా కనబడుతుంది. చదువుకున్న బిడ్డ ఎగిరిపోతాడు, కొన్నాళ్ళకు తల్లిదండ్రులు కూడా ఎగురుతారు. రైలు ప్రయాణమే గొప్పగా చెప్పుకున్న మనవాళ్ళు అరవై ఏళ్ళు దాటాక పాస్‌పోర్టు చేయించుకుని, మనవణ్ణి ఎత్తుకోవడానికి సముద్రాలు దాటి వెళ్ళి వస్తున్నారు. ప్రియ పాఠకులారా, మీలో చాలామంది ఇళ్ళలో ఇది జరిగే ఉంటుంది.

వెనుకటి రోజుల్లో విదేశం వెళ్ళాలంటే మన వైపు వారు చాలామంది బొంబాయి దాకా రైలెక్కి, అక్కడ తెలిసినవాళ్ళ గదిలో రెండు రోజులుండి విమానం పట్టుకునేవారు. తరువాత బేగంపేట దగ్గరయింది. 2008 మార్చిలో విమానాశ్రయం బేగంపేట నుండి శంషాబాదుకు మారింది. ఇప్పుడు శంషాబాదులో దిగి, ఔటర్ రింగు రోడ్డు మీదుగా పెద్ద అంబర్‌పేట దగ్గర విజయవాడ రహదారి ఎక్కితే చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి, నకిరేకల్ వరుసగా వెనక్కి వెళ్ళిపోతాయి. మిర్యాలగూడ వారు నార్కట్‌పల్లి దగ్గర నల్లగొండ వైపు తిరుగుతారు. సూర్యాపేట, కోదాడ వారు తిన్నగా సాగిపోతారు. మూడు గంటల్లో ఇల్లు. కోదాడ వారికి గన్నవరం కూడా దగ్గరే గనుక ఆ ఊరివారు రెండు విమానాశ్రయాల మధ్య బేరం చూసుకుని టికెట్టు కొంటారు.

ఈ ప్రయాణాల్లో మనవాళ్ళ సామాను సంగతి వేరే చెప్పాలి. వెళ్ళేటప్పుడు ఆవకాయ, కారంపొడి, సున్నుండలు, సకినాలు. వచ్చేటప్పుడు చాక్లెట్లు, విటమిన్ మాత్రలు, పక్కింటివారికి సెంటు సీసాలు. ఒక్కొక్క పెట్టె ఇరవై మూడు కిలోలకు గ్రాము తగ్గకుండా సర్దుతారు. ఇంటి బాత్‌రూము తూకం మీద పెట్టె పెట్టి, దాని మీద మళ్ళీ మనిషిని ఎక్కించి తూచే ఇళ్ళను మేము చూశాం. అన్నీ నల్ల పెట్టెలే, లేకపోతే ముదురు నీలం. ఒకే కంపెనీ, ఒకే కొలత, ఒకే దుకాణంలో పండుగ తగ్గింపులో కొన్నవి. వేలాది మైళ్ళు దాటి ఒకేసారి బెల్టు మీద తిరుగుతుంటే ఏది ఎవరిదో కన్నతల్లికి కూడా తెలియదు.

2023 జనవరిలో సంక్రాంతి వెళ్ళిన వారం మేమిద్దరం మా అమ్మాయి దగ్గర నాలుగు నెలలుండి తిరిగి వచ్చాం. మధ్యలో ఒక గల్ఫ్ నగరంలో విమానం మారాలి. అక్కడ విమానం ఎక్కే ద్వారం దగ్గర, పైన సామాను పెట్టే చోటు నిండిపోయిందని చెప్పి, వరుసలో మా వెనుక ముందు ఉన్న వాళ్ళందరి చేతిపెట్టెలూ సిబ్బంది తీసుకుని చీటీలు కట్టి కింద వేశారు. మాదీ తీసుకున్నారు. వాళ్ళు అలా చేయడం కొత్తేమీ కాదు, నిండిన విమానాల్లో రోజూ జరిగేదే.

ఆ చేతిపెట్టెలో మా అమ్మ తెలుగు బైబిలు ఉంది. అట్ట ఊడిపోతే గుడ్డతో కుట్టించినది. దాని ముందు పేజీలలో మా ఇంటివాళ్ళ పుట్టిన రోజులు, బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, చనిపోయిన తేదీలు నాలుగు తరాల చేతివ్రాతతో ఉన్నాయి. మొదటి వరుసలు మా తాతగారివి, సిరాబుడ్డి సిరాతో. పల్లెలో పుట్టిన మా అమ్మ పుట్టిన తేదీ ఏ కచేరీలోనూ నమోదు కాలేదు, ఆ పేజీలోనే ఉంది. అమెరికాలో పుట్టిన మా మనవరాలి పేరు అక్కడే, ఆ ఇంట్లోనే వ్రాయాలని ఆ పుస్తకాన్ని మాతో తీసుకువెళ్ళాం. వ్రాశాం కూడా. ఆ వరుస వ్రాసిన ఆరవ నాడు ఆ పుస్తకం మా చేతిలో లేదు.

శంషాబాదులో పెద్ద పెట్టెలు నాలుగూ వచ్చాయి. చేతిపెట్టె రాలేదు. జనం పలచబడ్డాక బెల్టు మీద ఒక్క నల్ల పెట్టె మాత్రం తిరుగుతూ మిగిలింది. అచ్చం మాదే అనిపించింది గాని చక్రాల దగ్గర గీత లేదు, పిడికి కట్టిన అట్టముక్క మీద ఎవరిదో పేరు, కింద కోదాడ అని వ్రాసి ఉంది. ఎవరో మాది తీసుకుని వాళ్ళది వదిలిపోయారని అప్పుడు అర్థమైంది. ఆ పెట్టెను మేము తీసుకుపోలేదు. విమాన సంస్థవారి బల్ల దగ్గర అప్పగించాం.

ఇక్కడ పాఠకులు ఒక విషయం గట్టిగా గుర్తుంచుకోవాలి. సామాను రాకపోతే బయటి ద్వారం దాటక ముందే ఆ బల్ల దగ్గరకు వెళ్ళాలి. అక్కడ పి.ఐ.ఆర్. అనే కాగితం వ్రాసి ఇస్తారు. ఏ సంస్థ విమానంలో చివరగా దిగామో ఆ సంస్థవారే దాన్ని వ్రాయాలి, మొదట ఎక్కించిన సంస్థ వేరే అయినా సరే. దాని మీద ఒక నెంబరు ఉంటుంది: మొదట విమానాశ్రయం గుర్తు మూడక్షరాలు, హైదరాబాదుకైతే హెచ్.వై.డి., తరువాత విమాన సంస్థ గుర్తు రెండక్షరాలు, ఆపైన ఐదంకెలు. ఆ నెంబరుతోనే పెట్టె ఆచూకీ నడుస్తుంది. పెట్టె కట్టినప్పుడు మన టికెట్టుకు అంటించిన చిన్న చీటీ మీద పదంకెల నెంబరు వేరే ఉంటుంది. ఆ చీటీని చాలామంది చెత్తబుట్టలో వేస్తారు. మా చీటీ పాస్‌పోర్టు వెనుక అంటించి ఉంది గనుక పని సులువైంది.

బల్ల దగ్గరున్న అమ్మాయి ఓపికగలది. పెట్టె రంగు, ఆకారం, చక్రాలు ఎన్ని, పిడి ఎలాంటిది, లోపల ఏమున్నాయి అని ఒక్కొక్కటే అడిగి వ్రాసుకుంది. ఈ వివరాలు వరల్డ్ ట్రేసర్ అనే ఏర్పాటులోకి వెళతాయి. ప్రపంచంలోని విమాన సంస్థలు ఉమ్మడిగా వాడుకునే చిట్టా అది. ఎక్కడో ఒక ఊళ్ళో యజమాని తెలియని పెట్టె మిగిలిపోతే దాని వివరాలనూ అక్కడివారు అందులో వేస్తారు. పోయినదీ దొరికినదీ ఆ చిట్టా జత కలుపుతుంది. రంగు ఒక్కటే చెబితే ఏమీ కుదరదు, ఊళ్ళో నల్లమేకను వెదికినట్టే. లోపల ఉన్న వస్తువుల్లో మరొకరి దగ్గర ఉండనిది ఒకటి చెప్పాలి. మేము చెప్పినది గుడ్డతో కుట్టిన అట్ట. కాగితంలో విలువ అనే గడి ఒకటుంది. అందులో ఏం వేయాలో మాకు కాసేపు తోచలేదు. చివరకు ఒక అంకె వేశాం, అదెంతో ఇక్కడ చెప్పం.

విమాన సంస్థలు పూర్వం కన్నా బాగుపడ్డాయనే చెప్పాలి. సామాను లెక్కలు చూసే సీటా అనే సంస్థ ప్రకారం 2007లో వెయ్యి మంది ప్రయాణికులకు దాదాపు పందొమ్మిది పెట్టెలు దారి తప్పేవి. 2024 నాటికి అది ఆరుకు కాస్త పైన మాత్రమే. 2018 జూన్ నుండి పెట్టెను తీసుకున్నప్పుడు, విమానంలో ఎక్కించినప్పుడు, మధ్యలో చేయి మారినప్పుడు, చివర అప్పగించినప్పుడు నాలుగు చోట్ల దాని జాడ నమోదు చేయాలని విమాన సంస్థల సంఘం నియమం పెట్టింది. తప్పిపోయే వాటిలో అన్నిటికన్నా పెద్ద వాటా విమానం మారేచోట తప్పేవాటిదే. అవి మరుసటి విమానంలోనో, ఆ పై విమానంలోనో వచ్చేస్తాయి. కాని ఈ జాగ్రత్తలన్నీ బెల్టు వరకే. బెల్టు మీద నుండి ఎవరు ఏది దించుకున్నారో ఆ యంత్రాలకు తెలియదు. మా పెట్టె క్షేమంగా హైదరాబాదు చేరిందని కంప్యూటరు చెబుతూనే ఉంది. చేరింది గాని మాకు చేరలేదు.

కోదాడ ప్రయాణికుని పేరు, ఫోను నెంబరు సంస్థవారి దగ్గర ఉన్నాయి. మాకు ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. వాళ్ళే ఫోను చేశారు. మ్రోగలేదు. టికెట్టు కొన్న కుమారుని అమెరికా నెంబరుకు చేశారు. అక్కడ అది పని వేళ, ఎవరూ ఎత్తలేదు. తరువాత తెలిసింది, ఆ పెద్దాయన ఆరు నెలలు అమెరికాలో ఉండి వచ్చారు. మన దేశంలో ప్రీపెయిడు సిమ్మును తొంభై రోజులు అసలే వాడకుండా, బాలెన్సు లేకుండా వదిలేస్తే ఆ నెంబరును తీసివేసే అధికారం ఫోను సంస్థలకుంది. ఆయన నెంబరు అలాగే పోయింది. పిల్లల దగ్గరకు దీర్ఘ ప్రయాణం వెళ్ళే పెద్దలందరూ ఈ సంగతి తెలుసుకోవాలి. పెట్టె మీద వ్రాసిన నెంబరు దిగిన రోజున మ్రోగకపోతే అది వ్రాసీ వ్రాయనట్టే.

రెండు రోజులు చూశాం. మూడవ నాడు ఉదయం కారు తీసుకుని కోదాడ బయలుదేరాం. చేతిలో ఉన్నది అట్టముక్క మీద చూసిన పేరు, ఊరు, అంతే.

సూర్యాపేట దాటగానే దురాజ్‌పల్లి గుట్ట కనబడుతుంది. రెండేళ్ళకొకసారి అక్కడ లింగమంతుల స్వామి జాతర జరిగినప్పుడు ఈ రహదారి మీద కాలు పెట్టే సందుండదు. ఆ తరువాత మునగాల. ఈ మునగాల కథ మాకు ఎప్పుడూ తమాషాగా అనిపిస్తుంది. చుట్టూ నిజాం రాజ్యం, నడుమ ఈ పరగణా ఒక్కటి ఇంగ్లీషువారి కృష్ణా జిల్లాకు చెందినది. ఎవరో దారిలో మరచిపోయిన మూటలాగా అది అక్కడ ఉండిపోయింది. దాని జమీందారు నాయని వెంకట రంగారావు గారు, దివాను కొమర్రాజు లక్ష్మణరావు గారు 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పెట్టించిన వారిలో ముఖ్యులు. తెలుగు పుస్తకానికి ఈ చిన్న పరగణా చేసిన మేలు అంతా ఇంతా కాదు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత దీన్ని నల్లగొండ జిల్లాలో కలిపారు. 2016 అక్టోబరు 11న సూర్యాపేట జిల్లా ఏర్పడినప్పుడు కోదాడ, హుజూర్‌నగర్‌లతో పాటు ఇదీ ఇటు వచ్చింది. మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోనే ఉండిపోయింది.

కోదాడలో మనిషిని పట్టుకోవడం కష్టమనుకున్నాం. అంత కష్టం కాలేదు. బస్టాండు దగ్గర మందుల దుకాణంలో పేరు చెప్పి, కొడుకు అమెరికాలో ఉన్నాడట అంటే, దుకాణదారు నవ్వి, "ఈ ఊళ్ళో కొడుకు అమెరికాలో లేనివాళ్ళ పేరు చెప్పండి సార్, తొందరగా దొరుకుతారు" అన్నాడు. అయినా బి.పి. మాత్రలు కొనే పెద్దాయన అని గుర్తుపట్టి వీధి చెప్పాడు. వెళ్ళేసరికి ఇంటికి తాళం. పక్కింటావిడ బయటకు వచ్చి, "వాళ్ళు ఇంకా ఇల్లు చేరలేదమ్మా. వాళ్ళ అన్న మిర్యాలగూడలో పోయిండు. ఆ కబురు వినే వచ్చిండ్రు. ఏర్‌పోర్టు నుంచి అటే పోయిండ్రు" అని చెప్పింది.

మేమక్కడ ఏం చేయాలో తోచక నిలబడి ఉండగానే సూర్యాపేట నుండి మా అయ్యగారు ఫోను చేశారు. మిర్యాలగూడలో ఒక సంఘపు పాస్టరు గారి దగ్గర మీ పుస్తకం ఉందట అన్నారు. జరిగింది ఇది. ఆ ఇంటివారు మూడవ రోజు పెట్టె తెరిచారు. తెరిచాక గాని తమది కాదని తెలియలేదు. పేరు చీటీ ఏదీ లేదు, అడుగున బైబిలు ఉంది. వాళ్ళు క్రైస్తవులు కారు. అయినా ఇది ఎవరింటి పుస్తకమో దేవుని గుడిలో చెబుతారని ఆ ఇంటి అల్లుడు దాన్ని సంచిలో పెట్టుకుని దగ్గరున్న చర్చికి వెళ్ళాడు. పాస్టరు గారు ముందు పేజీలు చదివారు. బాప్తిస్మమిచ్చిన బోధకుని పేరు, మా పల్లె పేరు, సూర్యాపేట అని వ్రాసి ఉన్నాయి. ఆయన సూర్యాపేటలో తనకు తెలిసిన ఇద్దరు పాస్టర్లకు ఫోను చేశారు. రెండవ ఆయన మా అయ్యగారిని అడిగారు. గంటలో పని అయిపోయింది. విమాన సంస్థ చిట్టా కన్నా మా తాతగారి సిరా గట్టిది.

కోదాడ నుండి మిర్యాలగూడకు హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా దారి. ఇది 167వ నెంబరు జాతీయ రహదారి. విజయవాడ రోడ్డు లాగా పరుగెత్తే దారి కాదు గాని చూడదగినది. ఇదంతా సాగర్ ఎడమ కాలువ ప్రాంతం. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు నాగార్జునసాగరుకు పునాది రాయి వేశారు, 1967లో ఇందిరాగాంధీ గారు కాలువలకు నీళ్ళు వదిలారు. అంతకు ముందు ఇక్కడ జొన్న, ఆముదం, వాన కోసం ఎదురుచూపు. నీళ్ళు వచ్చాక వరి వచ్చింది, వరి వెంట మిల్లులు వచ్చాయి, మిల్లుల వెంట పిల్లల చదువులు, చదువుల వెంట విమానాలు. మేము వెళ్ళిన రోజున యాసంగి నాట్లు పడుతున్నాయి. మోకాలి లోతు బురదలో వరుసగా వంగిన ఆడవాళ్ళు, గట్టు మీద నారుకట్టలు, ఎండలో తళతళలాడే నీళ్ళు. పోయిన పెట్టె దిగులు లేకపోతే రెండు చోట్లయినా ఆగేవాళ్ళం. మిర్యాలగూడ దగ్గరకు వస్తుండగానే ఉప్పుడు బియ్యం వాసన అద్దాలు ఎత్తినా లోపలికి వస్తుంది. అక్కడివారికి అది తెలియదట. మాకు తెలిసింది.

ఆ ఇంటి ముందు టెంటు ఇంకా విప్పలేదు. చావు ఇంటికి పెట్టె కోసం రావడం మాకే బాగనిపించలేదు. ఆ పెద్దాయన మమ్మల్ని చూసి లేచి వచ్చి, "మీకు శ్రమ ఇచ్చినం, ఏమనుకోకండి" అన్నారు. విమానంలో వచ్చేటప్పుడు ఆయనకు ఒక్కటే ధ్యాస, అన్న ముఖం చూస్తానా లేదా అని. బెల్టు మీద ఏ పెట్టె ఎత్తారో ఆయనకు జ్ఞాపకం లేదు. ముఖం చూశారట, అరగంట ముందు చేరారట. ఆ మాట చెప్పి కాసేపు ఊరుకున్నారు. ఆయన భార్య లోపలి నుండి పెట్టె తెచ్చి, పుస్తకాన్ని వేరే తెల్లటి తువ్వాలులో చుట్టి ఇచ్చింది. "అక్కా, మీ వాళ్ళ పేర్లన్నీ చదివినం, తప్పయితే క్షమించండి. మీ మనవరాలి పేరు బాగుంది" అంది.

మీ పెట్టెలో ఏముంది, శంషాబాదులో భద్రంగానే ఉంది అని మేము చెప్పాం. చాక్లెట్లు, పాత బట్టలు, ఇంకా అన్న కోసం కొడుకు కొనిచ్చిన చెవి మిషను అన్నారు. అమెరికాలో 2022 అక్టోబరు నుండి పెద్దవాళ్ళకు ఆ మిషన్లు డాక్టరు చీటీ లేకుండానే దుకాణంలో అమ్ముతున్నారు. కొడుకు సంతోషంగా కొని ఇచ్చాడు. నాలుగేళ్ళుగా ఫోనులో అన్నకు తమ్ముని మాట సరిగ్గా వినబడలేదు. ఇప్పుడా పెట్టె తొందరేమీ లేదు, ఎప్పుడైనా తెచ్చుకుంటాం అన్నారు.

కాని అలా వదిలితే అది ఎక్కడికో పోతుంది. యజమాని రాని సామాను కొన్నాళ్ళ తరువాత అమ్మకానికో పారవేతకో వెళ్ళడం అన్ని దేశాల్లో ఉన్నదే. అమెరికాలో అలబామా రాష్ట్రంలో స్కాట్స్‌బరో అనే చిన్న ఊళ్ళో 1970లో డాయల్ ఓవెన్స్ అనే ఆయన ఇలాంటి పెట్టెలు కొని లోపలి వస్తువులు అమ్మే దుకాణం తెరిచాడు. ఇప్పుడది పెద్ద బజారంత అయింది, జనం దూరాల నుండి వెళ్ళి కొంటారు. మూడు నెలల దాకా వెదికినా యజమాని తేలని పెట్టెలే అక్కడికి చేరుతాయి. ఎవరింటి పెళ్ళి బట్టలో, ఎవరి పిల్లల బొమ్మలో బల్ల మీద ధర చీటీతో ఉంటాయి. అంచేత అక్కడే కూర్చుని ఆ ఇంటి అల్లుని చేత ఫోను చేయించాం.

విదేశీ ప్రయాణం సామాను అంటే కస్టమ్సు కూడా ఉంటుంది. పెట్టె విమాన సంస్థ దగ్గర ఉన్నా, కస్టమ్సు వారు చూసి వదిలితే గాని బయటకు రాదు. స్వయంగా వెళ్ళలేని వారు వేరే మనిషి పేర అధికార పత్రం, పాస్‌పోర్టు నకలు, పి.ఐ.ఆర్. కాగితం ఇచ్చి పంపవచ్చు. పెట్టెకు తాళముంటే తాళం చెవి కూడా పంపాలి. మరొక సంగతి చాలామందికి తెలియదు. సుంకం లేకుండా తెచ్చుకునే వస్తువులకు ఒక పరిమితి ఉంటుంది కదా. పెట్టె ఆలస్యమైతే విమాన సంస్థ నుండి ధ్రువపత్రం తీసుకుని, మనం వాడుకోని పరిమితి ఎంత మిగిలిందో దాని మీద కస్టమ్సు వారి సంతకం చేయించుకోవాలి. అప్పుడు పెట్టె వచ్చిన రోజున ఆ మిగిలిన పరిమితి వర్తిస్తుంది. లేకపోతే అన్యాయంగా సుంకం పడుతుంది. ఢిల్లీలోనో ముంబయిలోనో దిగి హైదరాబాదుకు మరో విమానం ఎక్కేవారు సాధారణంగా ఆ మొదటి ఊళ్ళోనే పెట్టె తీసుకుని, కస్టమ్సు దాటించి, మళ్ళీ అప్పగించాలి. అది నేరుగా హైదరాబాదు వచ్చేస్తుందనుకుని వదిలి వచ్చే పెద్దలు ఎందరో.

పెట్టె అసలే దొరకకపోతే డబ్బు సంగతి. విదేశీ ప్రయాణాలకు 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం వర్తిస్తుంది. మన దేశం 2009లో అందులో చేరింది. సామాను దెబ్బతింటే అందిన ఏడు రోజుల్లో, ఆలస్యంగా అందితే అందిన ఇరవై ఒక్క రోజుల్లో వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. రావలసిన రోజు నుండి ఇరవై ఒక్క రోజులు దాటినా రాకపోతే పోయినట్టే లెక్క. దావా వేయడానికి గడువు రెండేళ్ళు. పరిహారం పరిమితి ఎస్.డి.ఆర్. అనే అంతర్జాతీయ లెక్కలో 2019 చివరి నుండి 1,288, 2024 డిసెంబరు 28 నుండి 1,519. మన రూపాయల్లో లక్షన్నర పైమాటే. అది పై హద్దు మాత్రమే, పోయిన వస్తువుల విలువ చూపిస్తేనే వస్తుంది. దేశంలోపలి ప్రయాణానికి ఆ హద్దు ఇరవై వేల రూపాయలు. అంతకు మించిన విలువ ఉంటే ముందే ప్రకటించి, అడిగిన రుసుము కట్టాలి. పెట్టె తెరిచి ఉన్నట్టు, కుట్టు చిరిగినట్టు కనబడితే ఇంటికి తెచ్చి వాపోవడం కన్నా అక్కడే చూపించడం మంచిది.

పెట్టెలు గాక చేతి వస్తువులు పోగొట్టుకునే వారు మరీ ఎక్కువ. తనిఖీ దగ్గర పళ్ళెంలో పెట్టిన గడియారం, ఫోను, కళ్ళజోడు, నడుము బెల్టు. హైదరాబాదు వంటి పెద్ద విమానాశ్రయాలకు కాపలా సి.ఐ.ఎస్.ఎఫ్. వారిది. 1999 డిసెంబరులో విమానం దారి మళ్ళించిన ఘటన తరువాత, 2000 ఫిబ్రవరిలో జైపూరుతో మొదలుపెట్టి ఒక్కొక్క విమానాశ్రయం వారికి అప్పగించారు. తనిఖీ దగ్గర దొరికినవి వారు నమోదు చేసి విమానాశ్రయం నడిపే సంస్థకు అప్పగిస్తారు. విమానం సీటు జేబులో వదిలితే విమాన సంస్థను అడగాలి, ఆవరణలో కుర్చీ మీద వదిలితే విమానాశ్రయపు పోయిన వస్తువుల గదిని, పుష్పక్ బస్సులో వదిలితే ఆర్టీసీ డిపోను. ఒక్కచోట అడిగి లేదన్నారని తిరిగి రాకూడదు, ఎందుకంటే ఆ ఒక్క ఆవరణలో ఇందరు యజమానులున్నారు. వెళ్ళేటప్పుడు గుర్తింపు కార్డు, వస్తువు ఫొటో గాని కొన్న రసీదు గాని ఉంటే మాట తొందరగా నమ్ముతారు. ద్వారం దగ్గర చేతిపెట్టె అడిగినప్పుడు మందులు, పత్రాలు, ఫోను ఛార్జరు బయటకు తీసుకోవడానికి ఒక నిమిషం అడగండి, ఇస్తారు. అందుకని మడిచే గుడ్డసంచి ఒకటి పెట్టె పై అరలో ఉంచుకుంటే సరి.

మిర్యాలగూడ అల్లుడు పదకొండవ రోజు కర్మ అయ్యాక కాగితాలు పట్టుకుని శంషాబాదు వెళ్ళి పెట్టె తెచ్చాడు. రెండుసార్లు తిరగవలసి వచ్చిందట. మొదటిసారి అధికార పత్రం మీద సంతకం పాస్‌పోర్టు సంతకంతో కలవలేదు, పెద్దాయన తెలుగులో చేశారు, పాస్‌పోర్టులో ఇంగ్లీషు. లోపల అన్నీ ఉన్నాయి. చాక్లెట్లు కాస్త కరిగాయి. చెవి మిషను డబ్బా విప్పకుండానే ఉంది. దాన్ని ఏం చేయాలో తెలియక వాళ్ళు మళ్ళీ అదే పాస్టరు గారిని అడిగారు. ఆయన సంఘంలో వినికిడి తగ్గిన ఒక వృద్ధుడున్నాడు, మిల్లులో హమాలీగా చేసి మానేసినవాడు. పాస్టరు గారు మిషను తీసుకున్నారు గాని వెంటనే పెట్టించలేదు. ముందు చెవి డాక్టరుకు చూపించి, ఆ చెవికి అది పనికివస్తుందని తేలాకే ఇస్తానన్నారట.